జెర్డన్ దొరగారు

దమ్మపేట పొలిమేరలయందు విజయదశమినాడు పాలపిట్టను జూడగోరి బయలుదేరని పిల్లవాడుండడు. కొమ్మపై గూర్చున్నంతసేపు అది మట్టివన్నెగల సామాన్యపు పిట్ట. రెక్క విప్పెనేని ముదురునీలమును లేతనీలమును పట్టెలుపట్టెలుగా తళుక్కుమనును. ఆ యందమంతయు ఎగిరెడి నాలుగు క్షణములదే. నేడు కెమేరా గలవారు దానిని పట్టుకొనుచున్నారు. అట్టి సాధనము లేని దినములలో మన పక్షుల వన్నెలను కాగితముపై నిలిపినవారిలో ముఖ్యులగు తామస్ కేవర్‌హిల్ జెర్డన్ గారి చరిత్రమును మా పాఠకులకు విన్నవించుచున్నాము.

జెర్డన్ గారు 1811 సం. అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హాము మండలమున జన్మించిరి. ఎడింబరో విశ్వవిద్యాలయమున విద్య నభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యులై 1836లో చెన్నపట్టణమున దిగిరి. మొదట గంజాము సీమలో జ్వరములతోడను రక్తగ్రహణితోడను బాధపడు సిపాయిలను జూచుట వారి పని. పటాలముతో ఊరూరు తిరుగుట మఱియొకరికి విసుగు పుట్టించునేమో; వీరికి మాత్రము అదియే పక్షులను నేర్చు బడి యయ్యెను.

తాము కూర్చిన పక్షిచర్మములను, పేరులు నిర్ణయించి తెలుపుడని, స్కాట్లండులోని జార్డిన్ అను పండితునకు బంపిరి. పెట్టె యచటికి జేరునప్పటికి వానికి చిమ్మటలు పట్టియుండెను. ఇంకొకరైనచో ఆ పని మానియుందురు. వీరు ఇకపై ఇతరుల తీర్పునకై యెదురుచూడక తమ కన్నులనే నమ్మి, 420 జాతుల పట్టికను 1839లో చెన్నపురి పత్రికయందు ప్రకటింప నారంభించిరి.

ఆ యేడే పారిసు నగరమున ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడి యయ్యెను. కాని యప్పటి పలకపై బొమ్మ పడుటకు నిమిషములు పట్టుచుండెడిది. ఎగిరెడి పక్షి దానిపై నీడగానైనను నిలువదు. రంగుల మాట చెప్పనేల? కావున పక్షిని కొట్టి తెచ్చియే చిత్రమును వ్రాయవలసి యుండెను. ఇది మాకు నొప్పి గలిగించు సంగతియే యైనను దాచదగినది కాదు. అందును ఒక చిక్కు గలదు. పాలపిట్ట యీకలలోని నీలిమ వర్ణద్రవ్యమువలన గాక, ఈకల నిర్మాణమునందు వెలుగు చెదరుటవలన గలుగునది గనుక ప్రాణము పోయినను మాయదు. కంటిరంగును కాళ్ల రంగును అట్లుగాక త్వరలోనే చెడిపోవును. వానిని వెంటనే గుర్తు వ్రాసికొనవలయును. ఎగిరెడి తీరు మాత్రము చచ్చిన పక్షియందు వెదకిన దొరకునా?

ఇట్టి కష్టములతో జెర్డన్ గారి సచిత్రగ్రంథము 1843 మొదలు 1847 వఱకు భాగములుగా వెలువడెను. అందు 50 పటములు. దేశీయ చిత్రకారుల చేతిపని యందు గలదు. రాతిపై నచ్చుతీసిన ప్రతి పటమునకును చేతితోనే రంగులు పూయవలసి యుండెను.

ఈ నడుమ, 1844లో, వారు నెల్లూరునకు సివిల్ సర్జనుగా వచ్చిరి. అచటి యానాదులకు చెట్టుచేమలును పిట్టలును తెలిసినంతగా పట్టణపు పండితులకు దెలియవు. వారి నడిగి తెలిసికొనుట దొరగారు చిన్నతనముగా నెంచలేదు. మా యభిప్రాయమున వారి గొప్పతన మిందే యున్నది. 1862 మొదలు 1864 వఱకు ప్రకటించిన వారి మహాగ్రంథమున వేయికిపైగా పక్షిజాతులు వర్ణింపబడినవి. తెలుగు పేరులును చేరినవి. పాలపిట్ట అందును పాలపిట్టయే.

1868లో ఉద్యోగము విరమించి, 1870లో స్వదేశమునకు మరలి, 1872 సం. జూన్ 12వ తేదీన మరణించిరి. పదియేండ్లకు, 1882లో, ఫ్రాన్సు దేశీయుడగు మారే అను శాస్త్రజ్ఞుడు తుపాకివంటి కెమేరాను చేసి ఎగిరెడి పక్షిని సెకనుకు 12 బొమ్మలుగా బట్టెను. గుండు లేని తుపాకి!

జెర్డన్ గారి పేర ఇంగ్లీషువారు పిలుచు పక్షి యొకటి గలదు. మనవా రది కలివికోడి యందురు. రొమ్మున రెండు పట్టెలు గలది, రాత్రివేళ పొదలలో దిరుగునది. 1848లో బ్లిత్ అను పండితుడు దానికి శాస్త్రనామ మిడెను. 1870 ప్రాంతమున బ్లాన్‌ఫర్డ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు మన పొరుగుననే, భద్రాచలముకడ గోదావరి లోయలో, దానిని గాంచెను. 1900లో అనంతపురము వైపున హోవర్డ్ కాంప్‌బెల్ అను మిషనరీగారికి అగపడెను. పిదప 86 యేండ్లు జాడలేదు, నశించెననియే తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల యడవులకడ భరత్‌భూషణ్ గారు స్థానిక వేటగాని సాయమున దానిని మరల కనుగొనిరి. అటుపిమ్మట పరిశోధకులు పొదలనడుమ కెమేరాల నమర్చిరి. రాత్రి యా దారిని నడచిన కలివికోడి తన బొమ్మను తానే తీసికొని పోయెను. ఒక్క యీకయు రాలలేదు.