సర్ జేమ్స్ జీన్స్ – వాయుపీడనం, నక్షత్ర జననం

శీతకాలపు నిర్మల రాత్రులలో తుంగభద్రా తీరవాసులకు ఆర్ద్రా నక్షత్రానికి చేరువలో వరుసగా మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటికి దిగువన మసకగా తోచే వెలుగు ఒక వాయుమేఘం. అందులో నేటికీ నక్షత్రాలు జన్మిస్తున్నాయి. ఏ మేఘం నక్షత్రంగా ముడుచుకుంటుంది, ఏది ముడుచుకోదు అన్న ప్రశ్నకు గణితంతో సమాధానం వెదకిన మహామేధావి సర్ జేమ్స్ జీన్స్.

ఆయన 1877 సెప్టెంబరు 11న ఇంగ్లండులోని ఆర్మ్‌స్కర్క్‌లో జన్మించారు. బాల్యంలో గడియారాలంటే ఎనలేని మక్కువ. 1898లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో ద్వితీయ స్థానం పొందారు. పాతికేళ్ళ ప్రాయంలోనే, 1902లో, నీహారికల స్థిరత్వంపై సుప్రసిద్ధ వ్యాసం ప్రకటించారు.

అందలి విషయం ఇది. వాయువులో ఒకచోట కొంత సాంద్రత పెరిగితే గురుత్వాకర్షణ దానిని మరింత లోపలికి లాగుతుంది. ఉడికే అన్నపు గిన్నె మూతను ఆవిరి ఎత్తినట్లు, వాయుపీడనం దానిని వెలుపలికి నెడుతుంది. పీడనం వాయువులో ధ్వనివేగంతో ప్రసరిస్తుంది. ముద్ద చిన్నదైతే పీడనం సకాలంలో అంతటా వ్యాపించి దానిని నిలువరిస్తుంది. ఒక హద్దు మించి పెద్దదైతే ఆకర్షణదే గెలుపు. వేడి హెచ్చితే ఆ హద్దు పెరుగుతుంది, సాంద్రత హెచ్చితే తగ్గుతుంది. నేటి శాస్త్రజ్ఞులు దీనిని జీన్స్ ద్రవ్యరాశి అంటారు. అయితే కదలిక లేని అనంత వాయువును ఊహించుకొని చేసిన ఈ లెక్కలో ఒక లొసుగు ఉంది. దానిని ఖగోళవేత్తలు నేటికీ జీన్స్ కనికట్టు అని చమత్కరిస్తారు. ఫలితం మాత్రం నిలిచింది.

అంతలో కీళ్ళ క్షయ ఆయనను పట్టుకుంది. ఆరోగ్యాశ్రమాలలో ఉంటూనే వాయువుల గతి సిద్ధాంతంపై ఉద్గ్రంథం వ్రాసి 1904లో వెలువరించారు. ఈ కాలంలో ఆ దీక్ష ఊహించుటకే కష్టం.

ప్రక్కగా సాగిన వేరొక నక్షత్రం సూర్యుని నుండి లాగిన వాయువే గ్రహాలైనదని ఆయన ప్రతిపాదించారు. 1939లో స్పిట్జర్ దానిని ఖండించారు: అంత వేడి వాయువు ముద్దకట్టదు, పీడనం వలన చెదరిపోతుంది. జీన్స్ యౌవనంలో తూచిన పీడనమే ఆయన సొంత సిద్ధాంతాన్ని కూల్చింది!

రూథర్‌ఫర్డ్ ఆకస్మికంగా మరణించగా, 1938 జనవరిలో కలకత్తాలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవ సభలకు ఆయన స్థానంలో జీన్స్ అధ్యక్షత వహించారు.

1946 సెప్టెంబరు 16న జీన్స్ కన్నుమూశారు. అదే సంవత్సరం రష్యా శాస్త్రజ్ఞుడు లిఫ్షిట్జ్, విస్తరించే విశ్వంలో ముద్దలు ఎంత నెమ్మదిగా పెరుగుతాయో గణించి చూపారు. తొలి 3,80,000 సంవత్సరాలు కాంతి పీడనం సాధారణ పదార్థాన్ని ముద్దకట్టనీయలేదనీ, పీడనం లేని కృష్ణపదార్థం ముందుగా గుమికూడి వాయువును ఆకర్షించిందనీ నేటి శాస్త్రం చెబుతున్నది.