మొవ్వుకుళ్ళు తెగులు: గోదావరి డెల్టాలో బట్లర్ చూపిన దారి

పెరట్లోని లేత కొబ్బరి చెట్టుకు వానాకాలంలో నడిమి మొవ్వాకు పాలిపోయి వాలిందా? పట్టి లాగి చూడండి. తేలిగ్గా ఊడివచ్చి, మొదలు కుళ్ళి దుర్వాసన కొడితే అది మొవ్వుకుళ్ళు తెగులే. దీన్ని మన గోదావరి డెల్టాలో పరిశోధించినవారు ఎడ్విన్ జాన్ బట్లర్.

1874లో ఐర్లాండ్‌లో పుట్టిన బట్లర్ చదివింది వైద్యం. మనసు మాత్రం శిలీంధ్రాల మీద పడింది. 1901లో భారత ప్రభుత్వ కొలువులో చేరి, తర్వాత బీహార్‌లోని పూసా పరిశోధన సంస్థకు వెళ్లారు. ఆ రోజుల్లో గోదావరి డెల్టాలో తాటిచెట్లు వరసగా ఎండిపోతుండేవి. కొబ్బరి, పోక చెట్లనూ తెగులు వదల్లేదు. కల్లు, ముంజెలు, ఇంటికప్పుకు ఆకు, దూలాలు అన్నీ తాటి నుంచే వచ్చే ఊళ్లకు అది చిన్న నష్టం కాదు.

తెగులు కారకాన్ని గుర్తించి బట్లర్ 1907లో దానికి పేరు పెట్టారు. దాన్నే ఇప్పుడు ఫైటోఫ్తోరా పామివోరా అంటున్నాం. తాటి, కొబ్బరి జాతులకు మొవ్వు ఒక్కటే. అది కుళ్ళితే పక్కనుంచి చిగురు రాదు. కుళ్ళిన తల ఉన్నంతకాలం చుట్టుపక్కల చెట్లకూ ముప్పే. అందుకే తెగులు సోకిన చెట్ల తలలు నరికి కాల్చేయాలన్నారు. ఇంకా పచ్చగా కనిపించే చెట్టు మీద కత్తి వేయమంటే ఎవరికి మనసొప్పుతుంది? అయినా ఆ పద్ధతినే డెల్టాలో అమలు చేశారు.

మొవ్వు పూర్తిగా చావకముందే గుర్తిస్తే నేడు చెట్టును దక్కించుకోవచ్చు. కుళ్ళిన భాగాన్ని గట్టి కణజాలం కనిపించేదాకా శుభ్రంగా కోసి కాల్చేయండి. కోసినచోట 10 శాతం బోర్డో పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేదాకా వాన నీరు దిగకుండా కప్పి ఉంచండి. పేస్టుకు 100 గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలో, 100 గ్రాముల సున్నాన్ని మరో అర లీటరులో కరిగించి, తుత్తం నీటిని సున్నం నీటిలో పోస్తూ కలపాలి. ఇనుప పాత్ర పనికిరాదు. ప్లాస్టిక్ బకెట్ గానీ మట్టి కుండ గానీ వాడండి. పక్క చెట్ల మొవ్వు తడిసేలా 1 శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయాలి. తొలకరికి ముందే చేస్తే మేలు. ఇది నేటి వర్గీకరణ ప్రకారం అసలైన శిలీంధ్రం కాదు, నీటి బూజు జాతి. కాబట్టి కార్బెండజిమ్ కొట్టి డబ్బు వృథా చేసుకోకండి.

బట్లర్ 1918లో మొక్కల శిలీంధ్ర తెగుళ్లపై పెద్ద గ్రంథం వెలువరించారు. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి, క్యూలోని శిలీంధ్ర పరిశోధన కేంద్రాన్ని 1935 వరకు నడిపారు. 1943లో కన్నుమూశారు.