హజ్రత్ ఉమర్ (రజి): తన స్వభావాన్ని తానెరిగిన ఖలీఫా

నిర్ణయాలు తీసుకోవడంలో మనుషులందరూ ఒకేలా ఉండరు. ఒకరు విషయం చెవిన పడగానే తేల్చేస్తారు. మరొకరు నెలల తరబడి ఆలోచిస్తూనే ఉంటారు. ఇంకొకరు పదిమందినీ అడిగి, చివరికి ఏదీ తేల్చుకోలేక ఆగిపోతారు. తనది ఏ స్వభావమో తెలిసిన వ్యక్తి దానివల్ల కలిగే నష్టం నుంచి ముందే జాగ్రత్తపడగలడు. ఇస్లాం రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ ఫారూఖ్ (రజి) జీవితం ఈ విషయంలో మనకు గొప్ప పాఠం.

ఆయన స్వతహాగా చురుకైనవారు, కఠినులు. సత్యమని తోచిన మాటను వెంటనే అనేసేవారు. హిజ్రీ 6 (క్రీ.శ. 628)లో హుదైబియా ఒడంబడిక జరిగింది. ఉమ్రా చేయకుండానే ఆ ఏడాది వెనుదిరగాలన్న షరతు ఆయనకు మింగుడు పడలేదు. నేరుగా దైవప్రవక్త (స) వద్దకే వెళ్ళి ప్రశ్నించారు. ఆ తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి)ని అడిగితే అక్కడా అదే సమాధానం లభించింది. తిరుగు ప్రయాణంలో ‘ఫతహ్’ సూరా అవతరించి, ఆ ఒడంబడికే స్పష్టమైన విజయమని ప్రకటించింది. ఆనాటి తన తొందరపాటుకు ఉమర్ (రజి) ఎంతగానో పశ్చాత్తాపపడ్డారు. దానికి పరిహారంగా ఎన్నో సత్కార్యాలు చేశారు.

హిజ్రీ 11 (క్రీ.శ. 632)లో దైవప్రవక్త (స) పరమపదించినప్పుడు కూడా ఇలాగే జరిగింది. ఉమర్ (రజి) ఆ వార్తను నమ్మలేదు. అది అబద్ధమని ప్రజల ముందు గట్టిగా వాదించారు. అబూబక్ర్ (రజి) వచ్చి ఖుర్ఆన్ వాక్యం పఠించగానే ఆయన కాళ్ళు పట్టుతప్పాయి. నిజాన్ని గ్రహించి నేలపై కూలబడ్డారు.

అయితే ఈ చురుకుదనం లోపం మాత్రమే కాదు. యమామా యుద్ధంలో ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసినవారెందరో అమరులయ్యారు. గ్రంథాన్ని ఒకచోట సంకలనం చేయించాలని ముందుగా కోరింది ఉమరే (రజి). ప్రవక్త (స) చేయని పనిని తానెలా చేయగలనని అబూబక్ర్ (రజి) మొదట వెనుకాడారు. ఉమర్ (రజి) పట్టువదలకుండా నచ్చజెప్పారు. ఒకరి చొరవ, మరొకరి నిదానం కలిసి ఆ మహత్కార్యం నెరవేరింది.

హిజ్రీ 13 (క్రీ.శ. 634)లో ఖిలాఫత్ బాధ్యత ఆయన భుజాలపై పడింది. ఇక ఆయన తొందరపడితే నష్టపోయేది ఆయన ఒక్కరే కాదు, మొత్తం ఉమ్మత్. అందుకే ఖుర్ఆన్ జ్ఞానం గలవారిని, వృద్ధులైనా యువకులైనా, తన సలహాదారులుగా చేసుకున్నారు. బద్ర్ యోధులైన పెద్దల సరసన యువకుడైన ఇబ్నె అబ్బాస్ (రజి)కి స్థానం కల్పించారు.

ఒకసారి ఉయైనా అనే వ్యక్తి వచ్చి, ఖలీఫా న్యాయం చేయడం లేదంటూ ముఖం మీదే నిందించాడు. ఉమర్ (రజి)కి పట్టరాని కోపం వచ్చింది. శిక్షించబోయారు. సలహాదారుల్లో ఒకరైన హుర్ర్ బిన్ ఖైస్ (రజి), అజ్ఞానులను ఉపేక్షించమనే ఖుర్ఆన్ వాక్యాన్ని గుర్తుచేశారు. ఆ క్షణమే ఖలీఫా ఆగిపోయారు.

ఆ తర్వాత సిరియా ప్రయాణంలో సర్గ్ అనే చోట, ఆ దేశంలో ప్లేగు వ్యాపించిందన్న వార్త అందింది. ముందుకు సాగాలా, వెనుదిరగాలా? వెంట ఉన్నవారి ప్రాణాలు ఆ ఒక్క నిర్ణయంపై ఆధారపడి ఉన్నాయి. ఉమర్ (రజి) ముందు ముహాజిర్లను పిలిచారు, వారిలో భేదాభిప్రాయం వచ్చింది. అన్సార్లను పిలిచారు, వారూ ఏకం కాలేదు. ఆపై ఖురైష్ పెద్దలను అడిగారు. వారంతా వెనుదిరగమన్నారు. అప్పుడు నిర్ణయం ప్రకటించారు. అల్లాహ్ విధి నుంచి పారిపోవడమా అని అబూ ఉబైదా (రజి) అభ్యంతరం చెప్పారు. ఇది అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే మరలడమని ఉమర్ (రజి) వివరించారు. అంతలో అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ప్రాంతంలోకి వెళ్ళరాదని, ఉన్నచోటి నుంచి పారిపోరాదని ప్రవక్త (స) బోధించినట్లు తెలిపారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు.

హిజ్రీ 23 (క్రీ.శ. 644)లో ఫజ్ర్ నమాజు చేయిస్తుండగా ఆయన కత్తిపోట్లకు గురయ్యారు. మరణశయ్యపై కూడా వారసుణ్ణి తానొక్కరే నిర్ణయించలేదు. ఆ పనిని ఆరుగురు సహాబాల సంఘానికి అప్పగించారు. తన కుమారునికి సలహా ఇచ్చే అవకాశమే ఇచ్చారు తప్ప పదవిలో భాగం ఇవ్వలేదు.

ఆయన స్వభావం మారిపోలేదు, కళ్ళెం పడిందంతే. మన ఇళ్ళలోనూ అమ్మాయి నికాహ్, అబ్బాయి చదువు, ఇల్లు కొనడం వంటి నిర్ణయాలు ఎదురవుతూనే ఉంటాయి. తొందరపాటు మనిషినని తెలిస్తే, మాట ఇచ్చే ముందు ఒక రాత్రి ఆగుదాం. నన్ను ఆపగలవారెవరో వారినే అడుగుదాం. వెనుకాడే మనిషినైతే, సంప్రదించి, ఇస్తిఖారా నమాజు చేసి, అల్లాహ్‌పై భారం వేసి ముందడుగు వేద్దాం. పొరపాటు తెలిసినప్పుడు ఉమర్ (రజి)లా వెంటనే ఒప్పుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.