మన తొలి మహిళా ఇంజనీరు శ్రీమతి అయ్యలసోమయాజుల లలిత

మన కోనసీమ మండువా లోగిళ్ళలో వెనక గదికే పరిమితమై బ్రతికిన చిన్నవయసు వితంతువులను మనలో పెద్దవారు చూసే ఉంటారు. శ్రీమతి లలిత గారికీ ఆ గతే పట్టవలసింది. 1919లో మదరాసులో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. పదిహేనో ఏట పెళ్ళి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, ఒడిలో నాలుగు నెలల ఆడపిల్ల.

తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. డాక్టరీ చదివితే వేళాపాళా లేకుండా పరుగెత్తాలి, పసిబిడ్డతో కుదరదని లలిత గారు ఇంజనీరింగు ఎంచుకున్నారు. అంతా మగపిల్లలే ఉన్న ఆ కాలేజీలో కూతురి సీటు కోసం ఆయన పైవారిని ఒప్పించారు. తర్వాత సివిల్ శాఖలో తెరేసియా, లీలమ్మ అనే మరో ఇద్దరు చేరారు. లలిత గారు 1943లో పట్టా పుచ్చుకున్నారు. అందులో అచ్చయి ఉన్న ‘అతడు’ అన్న మాట కొట్టివేసి ‘ఆమె’ అని దిద్దవలసి వచ్చిందట! ఏళ్ళ తరబడి ఫారాలు నింపినవాణ్ణి గనుక, అచ్చు ఫారంలో ఒక్క మాట మార్చాలంటే ఎంత తంతు ఉంటుందో నాకు తెలుసు.

తెరేసియా గారు 1971లో కేరళ పి.డబ్ల్యు.డి.కి చీఫ్ ఇంజనీరయ్యారు. లలిత గారు కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి విద్యుత్ లైన్లకు, సబ్‌స్టేషన్లకు ప్లానులు గీశారు. భాక్రా నంగల్ జనరేటర్ల పనిలోనూ పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సభకు వెళ్ళివచ్చారు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, కూతురిని పెంచి పెద్దచేశారు. 1977లో రిటైరయ్యారు. విశ్రాంతి రెండేళ్ళే దక్కింది, 1979లో అరవయ్యో ఏట కన్నుమూశారు.