ఉన్ని జిడ్డు నుంచి సౌందర్య సామ్రాజ్యానికి...
ఏప్రిల్ 1 హెలెనా రూబిన్‌స్టీన్ వర్ధంతి

చేతిలో పైకం లేకుండా పరాయి దేశంలో అడుగుపెట్టి, తన పేరిటే ప్రపంచ ప్రఖ్యాత సౌందర్య సాధనాల సంస్థను నెలకొల్పిన మహిళ హెలెనా రూబిన్‌స్టీన్. ఆ సంస్థలోని ప్రధాన భాగాన్ని ఒకసారి చేజేతులా అమ్ముకొని, తిరిగి దక్కించుకున్న ధీశాలి ఆమె.

పెళ్లి కాదని ఓడెక్కి...
1872 డిసెంబరు 25న పోలండ్‌లోని క్రాకో నగరంలో ఒక సామాన్య యూదు వర్తకుని ఇంట హెలెనా జన్మించారు. ఎనిమిది మంది ఆడపిల్లల్లో ఆమే పెద్ద. తండ్రి కుదిర్చిన సంబంధాన్ని నిరాకరించిన ఆమె, 1896లో ఓడెక్కి ఆస్ట్రేలియా చేరారు. విక్టోరియా ప్రాంతంలోని కోల్‌రేన్ అనే చిన్న ఊరిలో మేనమామ వద్ద ఆశ్రయం పొందారు.

ఎండకు, గాలికి అక్కడి స్త్రీల ముఖాలు కమిలిపోయి ఉండేవి. హెలెనా మేని నునుపు వారికి వింతగా తోచేది. ఆ ప్రాంతం గొర్రెల పెంపకానికి పెట్టింది పేరు. ఉన్నిని కడిగినప్పుడు వచ్చే లానోలిన్ అనే జిడ్డు చర్మాన్ని మృదువుగా ఉంచుతుంది. అయితే దాని వాసన భరించరానిది. పరిమళ ద్రవ్యాలతో ఆ వాసనను అణచి రూపొందించినదే 'వలాజ్' క్రీము. మెల్‌బోర్న్‌లోని తేనీటి శాలల్లో వడ్డన పని చేసిన ఆమె, 1903 నాటికి అదే నగరంలో సొంత సెలూన్ నడపసాగారు.

కార్పేథియన్ పర్వతాల మూలికలతో ఒక వైద్యుడు తయారుచేసిన లేపనమని ఆమె ప్రచారం చేశారు. అందులో నిజం కన్నా కల్పనే ఎక్కువ. ధర అధికమైతేనే కొనేవారికి గురి కుదురుతుందన్న రహస్యాన్నీ ఆమె ముందే గ్రహించారు.

అమ్మకం... పునరాగమనం
1908లో లండన్‌లో, 1912 నాటికి పారిస్‌లో శాఖలు వెలిశాయి. చెల్లెళ్లను పిలిపించి కొన్ని శాఖల బాధ్యత అప్పగించారు. మొదటి ప్రపంచ యుద్ధంతో మకాం న్యూయార్క్‌కు మారింది. వ్యాపారం పెరిగిన కొద్దీ కాపురం బీటలువారింది. సంసారాన్ని చక్కదిద్దుకోవాలన్న తలంపుతో 1928లో అమెరికా వ్యాపారాన్ని లేమన్ బ్రదర్స్ బ్యాంకుకు 73 లక్షల డాలర్లకు విక్రయించారు.

కొత్త యజమానులు సరుకును చవక దుకాణాలకు దించారు. పేరుకున్న గౌరవం పలచబడింది. 1929లో స్టాక్ మార్కెట్ కుప్పకూలి వాటాల ధర నేలకు దిగింది. అదను చూసి హెలెనా వాటాలు కొని, అమ్మిన ధరలో కొద్దిపాటి సొమ్ముకే సంస్థను తిరిగి చేజిక్కించుకున్నారు. సంస్థ దక్కింది గాని కాపురం నిలవలేదు. 1930లలో విడాకులు తప్పలేదు.

యూదు మహిళ అన్న కారణంతో న్యూయార్క్‌లోని పార్క్ అవెన్యూలో ఒక భవనంలో ఇల్లు ఇవ్వ నిరాకరిస్తే, ఆమె ఏకంగా ఆ భవనాన్నే కొనుగోలు చేశారు. 1964లో ఇంట చొరబడిన దొంగలకు తొంభై దాటిన వయసులోనూ లొంగలేదు.

1965 ఏప్రిల్ 1న 92వ ఏట న్యూయార్క్‌లో ఆమె కన్నుమూశారు. సంస్థ 1973లో కోల్గేట్-పామోలివ్‌కు, 1988లో లోరియల్‌కు చేతులు మారింది. యజమానులు మారినా, కోల్‌రేన్ గొర్రెల మందల నడుమ బతుకుతెరువు వెదుక్కున్న ఆ మహిళ పేరు మాత్రం సీసాలపై చెరిగిపోలేదు.