మొకామా ఘాట్ కార్బెట్ సాహెబు – నలభై పౌన్ల డేరా

నరభక్షక పులులను వేటాడిన జిమ్ కార్బెట్ పేరు వినని వారు తక్కువ. ఆయన రైల్వేలో పనిచేసిన మనిషి అన్న సంగతి మాత్రం మన సంఘ సభ్యుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. పులి వేటలన్నీ ఆయన సెలవుల్లోనూ, పని నుంచి విరమించాకా చేసినవే. కనుక ఈ ప్రత్యేక సంచికలో ఆయనకు చోటివ్వడం సబబే.

కార్బెట్ 1875 జూలై 25న నైనితాల్‌లో పుట్టారు. తండ్రి అక్కడ పోస్ట్‌మాస్టరు. కొడుక్కి ఆరేళ్ళు నిండకుండానే ఆయన పోయారు. పెద్ద సంసారం, చిన్న ఆదాయం. చలికాలం వస్తే కొండ దిగి కాలాధుంగిలో ఉండేవారు. అక్కడి అడవే ఆ పిల్లవాడికి బడి అయింది.

ఇరవై ఏళ్ళు రాకముందే ఆయన బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో ఫ్యూయల్ ఇన్‌స్పెక్టరుగా చేరారు. అప్పట్లో ఆ ఇంజన్లు కట్టెలతో నడిచేవి. అడవిలో చెట్లు కొట్టించి, ముక్కలు చేయించి, లైను దగ్గరకు చేర్పించడం ఆయన పని. సుమారు ఏడాదిన్నర డేరాలోనే కాపురం. చెట్లు పడ్డప్పుడు దిక్కులేనివైన జింక పిల్లలు, పక్షి పిల్లలు కూడా అదే డేరాలో పెరిగాయి. డేరా జీవితం అంటే ఏమిటో, ఎంత సామానుతో మనిషి గడపగలడో ఆయనకు అక్కడే తెలిసి ఉంటుంది.

తరువాత మొకామా ఘాట్. గంగ ఒడ్డున బ్రాడ్ గేజి సరుకును మీటరు గేజికి మార్చే ట్రాన్‌షిప్‌మెంట్ కాంట్రాక్టు. గుంతకల్లులో రెండు గేజిలూ చూసిన మన మిత్రులకు ఆ పని ఎలాంటిదో వేరే చెప్పక్కరలేదు. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉన్నారు. మొదటి నెలల్లో డబ్బు చేతికి రాక కూలీలతోపాటు తానూ ఒంటిపూట తిండితో గడిపారు. ముఠా మేస్త్రీ చమారీ కలరాతో పోయినప్పుడు పడిన దుఃఖాన్ని ముసలితనంలో కూడా మరిచిపోలేదు. బరువు మోసేవాడి వీపు ఎంత మోయగలదో ఆయనకు లెక్కగా తెలుసు. వేటకు పోయినప్పుడు ఆయన డేరా ఎందుకంత చిన్నదో అర్థం కావాలంటే ఈ మొకామా ఘాట్‌ను గుర్తుంచుకోవాలి.

ఆ రోజుల్లో దొరల షికారు క్యాంపు ఎలా ఉండేదో మన పెద్దలు చెప్పగా విన్నాం. ఏనుగులు, జంట కప్పుల డేరాలు, ఖాన్‌సామాలు, మంచాలు, బల్లలు. వైస్రాయి కోసం అలాంటి షికార్లు ఏర్పాటు చేయడంలో కార్బెట్‌కూ చేయి ఉంది. కానీ నరభక్షక పులి కోసం బయలుదేరితే ఆయన పద్ధతే వేరు. 40 పౌన్ల డేరా, అంటే సుమారు 18 కిలోలు. ఒక మనిషి మోయగలిగినంత. పరుపు చుట్ట, వంట సామాను, తిండి గింజలు కొద్దిమందికి సరిపోయేంత మాత్రమే.

1907లో చంపావత్ పులి కోసం ఆయన వెంట వెళ్ళింది ఆరుగురు మనుషులు. ఆ పులి నేపాల్‌లోనూ కుమావూన్‌లోనూ కలిపి మొత్తం 436 మందిని చంపింది. వెళ్ళే ముందు ఆయన రెండు షరతులు పెట్టారు: ప్రభుత్వం బహుమతిని రద్దు చేయాలి, ఇతర వేటగాళ్ళను వెనక్కు పిలవాలి. నైనితాల్ నుంచి మొదటి రోజే 17 మైళ్ళు నడిచి ధారీ చేరారు. మూడో రోజు సాయంత్రానికి పాలీ గ్రామంలో ఉన్నారు. గుంపు పెద్దదైతే కొండదారిలో ఆ నడక సాగేది కాదు.

పాలీలో జనం తలుపులు బిగించుకుని రోజుల తరబడి లోపలే ఉన్నారు. కార్బెట్ తన మనుషులను ఒక గదిలో భద్రంగా ఉంచి, తాను దారి పక్కన చెట్టుకు ఆనుకుని రాత్రంతా కూర్చున్నారు. భయంతో వణికిపోయానని ఆయనే తరువాత దాపరికం లేకుండా రాశారు. ఊరివాళ్ళకు ధైర్యం కలగడానికి కొండగొర్రెలను కొట్టి మాంసం పంచారు.

తేలికతనం ఒక్కోసారి మితిమీరింది కూడా. ఆఖరి రోజు ఆయన దగ్గరున్నవి మూడే తూటాలు. మూడూ అయిపోయాక గాయపడ్డ పులి ఎదురుగా ఉంది. తహసీల్దారు చేతిలోని పాత తుపాకీ తీసుకుని కాల్చవలసి వచ్చింది. డేరా బరువు తగ్గించవచ్చు గాని, తూటాల దగ్గర పొదుపు ఏమిటని నాకు అనిపిస్తుంది.

కేదార్, బదరీ యాత్రలు చేసిన మన సభ్యులకు రుద్రప్రయాగ తెలిసిందే. 1918 నుంచి 1926 వరకు ఆ యాత్రాపథంలో ఒక చిరుతపులి 125 మందిని తిన్నది. అక్కడ డేరా గుడ్డ దేనికీ అడ్డం కాదు. నిద్రపోతున్న వాళ్ళలోంచి ఒకరిని చప్పుడు లేకుండా లాక్కుపోయే మృగం అది. కనుక కార్బెట్ డేరా చుట్టూ ముళ్ళకంప కోట కట్టించారు. కంచెలోకి వాలిన చెట్టొకటి ఉంది. దాన్ని తీసేయాలా అని ఆలోచించి, పగలు మనుషులకు నీడ ఉండాలని ఉంచేశారు. చిరుత రాత్రి ఆ చెట్టు మీదుగానే రాబోయింది. కార్బెట్ తుపాకీ పట్టుకుని లేచారు, మనుషుల్లో ఒకడు కేక పెట్టాడు, చిరుత పారిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తనను నమ్మి వచ్చిన గఢ్వాలీ మనుషుల ప్రాణం పులి కన్నా ముందు చూసుకోవలసిన విషయం. చిన్న క్యాంపు అయితే రాత్రి ఎవరు ఎక్కడున్నారో తల తిప్పితే తెలుస్తుంది. 1926 మే మొదట్లో గోలాబ్రాయ్ మామిడిచెట్టు మీద పదకొండో రాత్రి కూర్చుని ఆ చిరుతను కొట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో 500 మంది కుమావూనీ కూలీలను ఫ్రాన్సు తీసుకువెళ్ళి, ఒక్కరు తప్ప అందరినీ తిరిగి తెచ్చారు. 1938లో థాక్ పులితో నరభక్షకుల వేట చాలించారు. అప్పటికి 63 ఏళ్ళు, మనలో చాలామంది పెన్షను పుస్తకం పట్టుకుని తిరిగే వయసు. అంతకు ముందు నుంచే తుపాకీ కన్నా సినిమా కెమెరా మీద ఇష్టం పెరిగింది. 1944లో మొదటి ప్రసిద్ధ గ్రంథం వెలువడింది. అదే కాలంలో సైనికులకు అడవిలో బతకడం నేర్పారు. 1936లో ఆయన ప్రోత్సాహంతో ఏర్పడిన హెయిలీ నేషనల్ పార్కుకు 1957లో ఆయన పేరు పెట్టారు. మన దేశంలో వేటను దాదాపు పూర్తిగా ఆపింది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం.

1947 చివర అక్క మ్యాగీతో కెన్యా వెళ్ళి, 1955 ఏప్రిల్ 19న నైయేరీలో కన్నుమూశారు. కాలాధుంగి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పక్కనున్న ఛోటీ హల్ద్వానీ గ్రామం భూములను అక్కడి రైతులకే వదిలేసి వెళ్ళారు. బతికి ఉన్నన్నాళ్ళూ వాటి శిస్తు ఆయనే కట్టారు.