విశ్వేశ్వరయ్య గారి విశ్రాంత జీవితం

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఏటా సెప్టెంబరు 15న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పటానికి దండ వేసి, ఆయన కట్టిన ఆనకట్టల గురించి నాలుగు మాటలు చెప్పుకునేవాళ్లం. ఆయన కూడా మనలాంటి పెన్షనరేనన్న సంగతి మీద నా దృష్టి పడింది మాత్రం నేను రిటైరయ్యాకనే.

వారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆయన పుట్టింది మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లిలో. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ బి.ఏ. ప్యాసయ్యారు. పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు.

ఎందరో సీనియర్లను దాటి పైకి వచ్చినా, ఆ రోజుల్లో భారతీయునికి చీఫ్ ఇంజనీరు పదవి దక్కడం కష్టమని గ్రహించి, 1908లో తానే విరమణ కోరారు. అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు. అలాగని దిగులుపడుతూ ఇంట్లో కూర్చోలేదు. విదేశాల్లో నీటి పనులు, పరిశ్రమలు చూసి నేర్చుకోవడానికి బయలుదేరారు. రాబోయే మార్పుకు ఆయన చేసుకున్న సన్నాహం అదేనని నా అభిప్రాయం.

ఆ పర్యటనలో ఉండగానే, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం ఆయన సహాయం కోరింది. 1909లో వచ్చి పరిశీలించి, ఎగువన మూసీ, ఈసీ నదుల మీద జలాశయాలు కట్టి వరదను ఆపాలని సూచించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ సూచన ఫలితమే. జంటనగరాల వాళ్లం దశాబ్దాలపాటు తాగిన నీరు ఒక పెన్షనరు ఆలోచన!

అదే ఏడాది మైసూరు చీఫ్ ఇంజనీరు అయ్యారు. 1912లో దివాను అయ్యారు. 1918లో ఆ పదవినీ వదులుకున్నారు. సంస్థానాన్ని నడిపిన మనిషి, 1923లో నష్టాల్లో ఉన్న భద్రావతి ఇనుప కర్మాగారం బాధ్యతను చిన్నతనం అనుకోకుండా తీసుకున్నారు. తొంభై దాటాక కూడా గంగానది మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే పనిలో పాల్గొన్నారు. 1955లో భారతరత్న వచ్చింది. 1960లో తన శతజయంతి తపాలాబిళ్లను తానే చూసుకుని, 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

కుర్చీ దిగగానే పలకరింపులు తగ్గుతాయి. అది మనందరికీ అనుభవమే. ఆయనకు కుర్చీ మారినప్పుడల్లా పని మిగిలింది, ఎందుకంటే ఆయన వెంట తీసుకెళ్లింది హోదాను కాదు, తెలిసిన విద్యను. మనం విశ్వేశ్వరయ్యలం కాలేము, నిజమే. కానీ చనిపోయిన సహోద్యోగి భార్యకు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నింపిపెట్టడానికి మన ముప్పై ఏళ్ల ఆఫీసు అనుభవం చాలదా? ఇంకా రెండు మూడేళ్ల సర్వీసు మిగిలిన తమ్ముళ్లకు నా మనవి ఒక్కటే. సెటిల్‌మెంటు లెక్కలతోపాటు, రిటైరైన మర్నాడు ఏం పని చేస్తారో కూడా ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి.